ముందు వరసలో అమ్మానాన్నలు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని ఎడిటోరియల్ కమిటీ తమ్ముళ్ళు ఫోన్ చేశారు. "అన్నా, ఇన్‌స్పిరేషన్‌గా ఉండాలి" అని కూడా అన్నారు. మన సంచికల్లో ఇన్‌స్పిరేషన్ అంటే ఏముంటుందో మనందరికీ తెలుసు. వీధి దీపం కింద చదువుకున్న మహానుభావుడు, వాగు దాటి బడికి వెళ్ళిన కలెక్టరు, చివర్లో 'పట్టుదల ఉంటే సాధించలేనిది లేదు' అన్న ఒక లైను. అవి చదువుతూ నేనూ పెరిగాను, వాటిని చిన్నచూపు చూడను. కాకపోతే ఈసారి ఒక ఆడపిల్ల చిన్నతనం గురించి చెప్పి, దాని మీద నా అభిప్రాయం రాయాలనుకుంటున్నాను. ఒప్పుకోని వాళ్ళు వచ్చే సంచికలో జవాబు రాయండి, సంతోషిస్తాను.

నా పేచీ అంతా ఒక్క మాటతో. పేపర్లో అప్పుడప్పుడు ఫొటోతో సహా వార్తలు వస్తుంటాయి. నాలుగేళ్ళ బాబు దేశాల రాజధానులు గడగడా చెప్పాడనీ, ఆరేళ్ళ పాప కీబోర్డు మీద కీర్తన వాయించిందనీ. కింద ఎక్కడో ఒకచోట 'పుట్టుకతో వచ్చిన విద్య' అని తప్పక ఉంటుంది. ఇంకా భక్తి గల రిపోర్టరైతే పూర్వజన్మ సుకృతం అంటాడు. 'పుట్టుకతో' అన్న మాట వినగానే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరికి ఏ విద్య రావాలో, ఏది రాకూడదో పుట్టుకను బట్టే తేల్చేసిన దేశం మనది. అందుకే ఒక పిల్లకు సంగీతం ఎలా వచ్చిందో కొంచెం దగ్గరికి వెళ్ళి చూద్దాం.

ఆ పిల్ల పేరు యూనిస్ కాథ్లీన్ వేమన్. ఇంటిపేరు వినగానే మన వేమన గుర్తొస్తాడు గానీ ఆయనకూ ఈమెకూ ఏ సంబంధమూ లేదు. 1933 ఫిబ్రవరి 21న అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రంలోని ట్రయాన్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. నల్లజాతి కుటుంబం. ఎనిమిది మంది పిల్లల్లో ఆరవది. పెద్దయ్యాక నీనా సిమోన్ అనే పేరుతో లోకమంతా తెలిసిన గాయని ఆమే. యూట్యూబ్‌లో మీలో కొందరు వినే ఉంటారు. పాట పాడిన నీనా గురించి చాలా పుస్తకాలున్నాయి. నేను చెప్పేది పియానో వాయించిన యూనిస్ గురించి, ఆమెకు పద్దెనిమిదేళ్ళు వచ్చేలోపు జరిగిన దాని గురించి.

ఇల్లు మూడు గదులది. తండ్రి మంగలి పని, బట్టలు డ్రై క్లీనింగ్ చేయడం, దొరికిన కూలి, అన్నీ చేశాడు. 1930లలో అమెరికాను ఊపేసిన ఆర్థిక మాంద్యం ఆ ఇంటినీ దెబ్బతీసింది. తల్లి మెథడిస్టు సంఘంలో బోధకురాలు. మెథడిస్టులంటే మెదక్ వైపు తమ్ముళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆ పెద్ద చర్చి కట్టించింది ఆ పాయకు చెందిన మిషనరీలే. బోధ చేస్తే కడుపు నిండదు కాబట్టి ఆమె తెల్లవాళ్ళ ఇళ్ళలో ఇంటి పని కూడా చేసేది.

ఆ ఇంట్లో కాలితో తొక్కి గాలి కొట్టే ఆర్గాన్ ఒకటి ఉండేది. మన పద్య నాటకాల్లో హార్మోనిస్టు ముందు పెట్టుకునే లెగ్ హార్మోనియం లాంటిదనుకోండి. మూడేళ్ళు నిండీ నిండకముందే తల్లి పాడే ఒక కీర్తనను ఈ పిల్ల ఎవరూ నేర్పకుండా దాని మీద పలికించిందని ఇంట్లోవాళ్ళు చెప్పుకునేవారు. ఆరేళ్ళు వచ్చేసరికి చర్చిలో ఆరాధనకు ఆమే వాయించేది. ఇంతవరకు చెప్పి ఆపేస్తే ఇది కూడా ఆ పేపరు వార్తలాగే ఉంటుంది. కానీ తండ్రి పెళ్ళికి ముందు ఆటపాటలతో జనాన్ని అలరించిన మనిషి. తల్లికి వాయించడం వచ్చు. అక్కలూ అన్నలూ చర్చిలో పాడేవాళ్ళు. పుట్టినప్పటి నుంచీ ఆ పిల్ల చెవిలో పాట పడని రోజు లేదు. నల్లజాతి వాళ్ళ చర్చిలో ఆరాధన గంటల తరబడి సాగుతుంది. బోధకుడి గొంతు పెరిగితే వాయిద్యం పెరగాలి, జనం ఏడిస్తే తగ్గాలి, ఎవరో మధ్యలో లేచి కొత్త పాట ఎత్తుకుంటే ఆ శ్రుతి పట్టుకుని వెంట వెళ్ళాలి. అదంతా ఆ వయసుకే ఆమెకు అలవాటైంది. ఏ కాలేజీ సర్టిఫికెట్ ఇవ్వని చదువు అది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. మన పేటల్లో ఐదారేళ్ళ పిల్లవాడు తాత పక్కన నిలబడి డప్పు మీద దరువు మార్చి మార్చి వేస్తుంటే ఎవరూ ఫొటో తీయరు. 'వాళ్ళకు అలవాటే కదా' అంటారు. అదే వయసు పిల్లవాడు టౌనులో కీబోర్డు మీద రెండు సినిమా పాటలు వాయిస్తే బాల మేధావి. మొదటివాడిది అలవాటు, రెండోవాడిది ప్రతిభ. ఈ లెక్క ఎవరు రాశారో మీరే ఆలోచించండి.

యూనిస్ విషయానికి వద్దాం. తల్లి పనిచేసే ఇంటి యజమానురాలు మిసెస్ మిల్లర్ ఒకసారి ఈ పిల్ల ఊళ్ళో వాయించగా విని, ఏడాది పాటు పియానో పాఠాల ఖర్చు తాను పెట్టుకుంటానంది. టీచరు పేరు మ్యూరియల్ మజ్జనోవిచ్. ఇంగ్లండు నుంచి వచ్చి ఆ ఊళ్ళో స్థిరపడిన ఆవిడ, భర్త చిత్రకారుడు. యూనిస్ ఆమెను మిస్ మజ్జీ అనేది. ప్రతి శనివారం ఈ పిల్ల రైలు పట్టాలు దాటి, తెల్లవాళ్ళు ఉండే వైపు నడిచి వెళ్ళి పాఠం చెప్పించుకునేది. దారిలో ఒక మందుల షాపులో తినడానికి ఏదైనా కొనుక్కుంటే తెల్లవాళ్ళు లోపల కూర్చుని తినేవాళ్ళు, ఈమె బయట నిలబడి తినాలి. ఈ సంగతి ఆమె 1991లో వచ్చిన తన ఆత్మకథలో రాసుకుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో అప్పటికి బడి వేరు, మంచినీళ్ళ కుళాయి వేరు, బస్సులో సీటు వేరు. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చేదాకా అక్కడ చట్టమే ఆ పని చేసింది. మన ఊళ్ళ టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి గురించి విన్నవాళ్ళకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు.

మనలో చాలామందికి పియానో అంటే సినిమాలో చూసిన పెద్ద నల్ల పెట్టె. దాంట్లో 88 మెట్లుంటాయి. మెట్టు నొక్కితే లోపల చిన్న సుత్తి వెళ్ళి తీగను కొడుతుంది. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుంది. మన చేతి హార్మోనియంలో ఎడమ చెయ్యి తిత్తి కొట్టడానికే పోతుంది, వాయించడానికి మిగిలేది ఒక్క చెయ్యి. పియానోలో రెండు చేతులూ ఖాళీ, పది వేళ్ళకూ పనే. మిస్ మజ్జీ ఈ పిల్లకు నేర్పింది ముఖ్యంగా బాఖ్ సంగీతం. ఆయన 1685 నుంచి 1750 దాకా జీవించిన జర్మన్ సంగీతకారుడు. ఆయన రచనల్లో కుడి చేతిది ఒక పాట, ఎడమ చేతిది ఇంకో పాట. ఒకటి ఎత్తుకున్న మాటను రెండోది కాసేపాగి అందుకుంటుంది, ఒకదాన్నొకటి తరుముతాయి, ఒకదానికొకటి ఎదురు చెప్పుకుంటాయి, అయినా శ్రుతి చెడదు. ఒక్క స్వరం జారినా మొత్తం కూలుతుంది. ఆ లెక్క, ఆ క్రమం యూనిస్‌కు ప్రాణమైపోయింది. బాఖ్‌ను అర్థం చేసుకున్నాకే కచేరీ పియానిస్టు కావాలని నిశ్చయించుకున్నానని ఆత్మకథలో చెప్పుకుంది. చర్చిలో జనంతో పాటు ఊగిన వేళ్ళు, మిస్ మజ్జీ ఇంట్లో గీత గీసినట్టు కూర్చోవడం నేర్చుకున్నాయి.

ఏడాది అయిపోయింది. అసలు సంగతి ఇక్కడుంది. మిసెస్ మిల్లర్ ఇస్తానన్నది ఏడాదికే. ఆ తర్వాత పాఠాలు ఆగిపోకుండా మిస్ మజ్జీ 'యూనిస్ వేమన్ ఫండ్' అని ఒకటి మొదలుపెట్టింది. ఊళ్ళో వాళ్ళ దగ్గర చందాలు పోగు చేసింది. నల్లవాళ్ళూ వేశారు, తెల్లవాళ్ళూ వేశారు. ఒక చిన్న ఊరు కొన్నేళ్ళపాటు ఒక పనిమనిషి కూతురి పియానో చదువును మోసింది. ఆ చెయ్యి అందకపోతే ఆ ఆర్గాన్ దగ్గరే, ఆ చర్చిలోనే ఆ పిల్ల మిగిలిపోయేది. మహా అయితే ఆ చుట్టుపక్కల సంఘాల్లో మంచి వాయిద్యకారిణిగా పేరొచ్చేది. ఆ ఊళ్ళో, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో మిసెస్ మిల్లర్ చెవిన పడని పిల్లలు ఎంతమందో ఎవరు లెక్కపెట్టారు?

చందా వేసినవాళ్ళకు తమ డబ్బు ఏమైందో చూపించాలి కదా. పదకొండో పన్నెండో ఏళ్ళ వయసులో ఊళ్ళో యూనిస్ కచేరీ పెట్టారు. ఇస్త్రీ గౌను వేసుకుని పియానో ముందు కూర్చుంది. తల్లీ తండ్రీ ముందు వరసలో కూర్చున్నారు. అప్పుడు ఎవరో తెల్లవాళ్ళు రాగా, వాళ్ళకు చోటివ్వడానికి ఈ ఇద్దరినీ లేపి వెనక్కి పంపబోయారు. తల్లిదండ్రులు ఎదురు చెప్పలేదు. లేచారు. వేదిక మీద పిల్ల లేచి నిలబడింది. మా అమ్మానాన్నలు ముందు వరసలో కూర్చుంటేనే వాయిస్తానని చెప్పింది. వాళ్ళను మళ్ళీ ముందుకు తెచ్చి కూర్చోబెట్టారు. సభలో కొందరు నవ్వారట. ఆ తర్వాత ఆమె వాయించింది. ఆ రోజు తన ఒంటి మీద చర్మం ఒలిచినట్టయిందని, ఆ తర్వాత ప్రతి చిన్న అవమానమూ పచ్చి పుండు మీద తగిలినట్టే ఉండేదని ఆమె రాసిన దాని సారాంశం.

చాలామంది ఈ సంఘటనను ధైర్యానికి ఉదాహరణగా చెబుతారు. ధైర్యమే, సందేహం లేదు. నాకు మాత్రం అంతకంటే ఇంకోటి కనిపిస్తుంది. ఆ సభలో ఉన్నవాళ్ళలో చాలామంది ఆమెకు చందా ఇచ్చినవాళ్ళే. వాళ్ళ డబ్బుతోనే ఆమె అంత దూరం వచ్చింది. ఎవరి అన్నం తింటున్నామో వాళ్ళ ఎదుట నోరు విప్పడం ఎంత కష్టమో హాస్టల్లో చదివిన వాళ్ళకు తెలుసు. ఫండ్ ఆపేస్తారేమో, మిస్ మజ్జీ బాధపడుతుందేమో, అమ్మ పని పోతుందేమో అని ఆ పిల్ల ఆలోచించి ఉంటే కిక్కురుమనకుండా వాయించి ఉండేది. సాయం తీసుకున్నంత మాత్రాన అమ్మానాన్నల గౌరవం అందులో భాగంగా అమ్ముడుపోదని ఆమెకు ఆ వయసులోనే తెలుసు. బాఖ్‌ను తప్పు లేకుండా వాయించడాన్ని ఆమె తొలి విజయంగా రాస్తారు. నా లెక్కలో ఆమె తొలి విజయం ఆ కుర్చీలు.

తర్వాత ఆమెను ఆషెవిల్ పట్టణంలో అలెన్ హైస్కూల్లో చేర్చారు. నల్లజాతి ఆడపిల్లల కోసం నడిచిన బోర్డింగ్ స్కూలు అది. అంటే ఈమె కూడా మనలాగే హాస్టల్ పిల్ల. 1950లో క్లాసు ఫస్టుగా చదువు ముగించింది. ఆ వేసవిలో న్యూయార్క్‌లోని జూలియార్డ్ సంగీత విద్యాలయంలో కార్ల్ ఫ్రీడ్‌బెర్గ్ అనే జర్మన్ గురువు దగ్గర నేర్చుకుంది. ఈ ఫ్రీడ్‌బెర్గ్ క్లారా షూమన్ శిష్యుడు. ఆ క్లారా 1828లో తొమ్మిదేళ్ళ వయసులో లైప్జిగ్ నగరంలో జనం ముందు వాయించిన బాల పియానిస్టు. ఆమె తండ్రి పియానో గురువు, పియానోల వ్యాపారి కూడా. ఇక అందరికీ తెలిసిన మొజార్ట్ సంగతి. ఐదేళ్ళకే స్వరరచన చేశాడని చెబుతారు. ఆయన పుట్టిన 1756లోనే తండ్రి లియోపోల్డ్ రాసిన వయొలిన్ పాఠ్య గ్రంథం అచ్చయింది. అంటే దేశం మొత్తానికి పాఠం చెప్పగల మేస్టారు ఉన్న ఇంట్లో పుట్టాడు. మొజార్ట్ గొప్పవాడు కాడని నేను అనడం లేదు, అంత తెలివితక్కువగా మాట్లాడను. కానీ 'పుట్టుకతో వచ్చిన విద్య' అన్న చోటల్లా ఇంట్లో ఒక గురువూ ఒక వాయిద్యమూ బొత్తిగా కనబడకుండా కూర్చుని ఉంటాయి. యూనిస్ విషయంలో ఆ గురువును ఊరు కొనిపెట్టాల్సి వచ్చింది, అంతే తేడా.

ఇప్పుడు కష్టమైన భాగం. ఫిలడెల్ఫియాలో కర్టిస్ అనే సంగీత విద్యాలయం ఉంది. 1924లో పెట్టారు, 1928 నుంచి అక్కడ ఫీజు లేదు. చేరగలిగితే డబ్బు లేని పిల్లకు అంతకంటే మంచి చోటు లేదు. యూనిస్‌కు సీటు వస్తుందన్న నమ్మకంతో కుటుంబం కూడా ఆ ఊరికి మకాం మార్చింది. 1951లో పరీక్షకు వాయించింది. సీటు రాలేదు. తన రంగు వల్లే రాలేదని ఆమె చివరిదాకా నమ్మింది. అక్కడి అధ్యాపకుడు వ్లాదిమిర్ సోకోలాఫ్, తర్వాత ఆమెకు ప్రైవేటుగా పాఠాలు చెప్పినాయన, రంగుకు సంబంధం లేదని, ఆ ఏడాది ఆమె కంటే మెరుగ్గా వాయించినవాళ్ళు ఉన్నారని అన్నాడు. ఆ విద్యాలయం నుంచి 1945లోనే జార్జ్ వాకర్ అనే నల్లజాతి యువకుడు పట్టా తీసుకున్నాడన్నది కూడా నిజం. కాబట్టి కర్టిస్ తలుపు నల్లవాళ్ళకు పూర్తిగా మూసి ఉందని చెప్పలేం. పరీక్ష గదిలో ఆ రోజు ఎవరి మనసులో ఏముందో తేల్చే సాక్ష్యం నాకు తెలిసి లేదు.

నేను పట్టించుకునేది వేరు. తెల్లపిల్లకు సీటు రాకపోతే ఆమె ఇంటికెళ్ళి ఏడుస్తుంది, మళ్ళీ సాధన చేస్తుంది. నల్లపిల్లకు రాకపోతే ఏడవడానికి ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: నా వేళ్ళు చాలలేదా, నా ఒళ్ళు నచ్చలేదా? ఆ ప్రశ్నకు జవాబు ఎప్పటికీ దొరకదు. చాలని వేళ్ళను దిద్దుకోవచ్చు, నచ్చని ఒంటిని ఏం చేసుకోవాలి? ఇంటర్వ్యూ బోర్డు ముందు ఊరి పేరు, నాన్న చేసే పని చెప్పి బయటికొచ్చిన మన పిల్లలందరికీ ఈ ప్రశ్న తెలుసు. సీటు రాకపోతే మెరిట్ లేదంటారు, వస్తే రిజర్వేషన్ అంటారు. పన్నెండేళ్ళ పాటు ఒక ఊరు, ఒక టీచరు, ఒక ఫండ్, ఒక బోర్డింగ్ స్కూలు కలిసి తయారుచేసిన మెరిట్‌ను పది నిమిషాల పరీక్షలో తూచేవాళ్ళు, ఆ తక్కెడ రెండు వైపులా ఏం పడిందో చూడరు.

డబ్బు ఒక్కటే ఉంటే సరిపోతుందా అంటే అదీ కాదు. యూనిస్ కంటే రెండేళ్ళు ముందు, 1931లో, న్యూయార్క్‌లో ఫిలిప్పా షైలర్ అనే పిల్ల పుట్టింది. తండ్రి పేరున్న నల్లజాతి పత్రికా రచయిత, తల్లి తెల్లజాతి స్త్రీ. ఇంట్లో పియానో, గురువులు, పేపర్లలో ఫొటోలు, ఏ లోటూ లేదు. చిన్న వయసులోనే సొంతంగా స్వరరచన చేసింది. దేశం మొత్తం ఆమెను బాల మేధావిగా చూసింది. పెద్దదయ్యాక అదే దేశంలో పెద్ద వేదికలు ఆమెకు అందలేదు. విదేశాల్లో కచేరీలు చేసుకుంటూ తిరిగింది. 1967లో వియత్నాంలో హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయింది. పిల్లగా ఉన్నంతసేపు చప్పట్లు కొట్టడం సులువు, ఎందుకంటే పిల్ల ఎవరి ఉద్యోగానికీ పోటీ రాదు.

యూనిస్ తర్వాతి జీవితం క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. 1954లో అట్లాంటిక్ సిటీలో ఒక బారులో పియానో వాయించే పనికి కుదిరింది. వాయిస్తే చాలదు, పాడాలి కూడా అన్నాడు యజమాని. బారులో పాడుతున్నట్టు బోధకురాలైన తల్లికి తెలియకూడదని పేరు మార్చుకుంది. అలా నీనా సిమోన్ అయింది. తొలి రికార్డులోనే ఒక పాట మధ్యలో బాఖ్ పద్ధతిలో రెండు చేతులతో పాటను పాటతో తరిమించింది. మిస్ మజ్జీ పాఠం బారులోకి కూడా వెంట వచ్చిందన్నమాట. 1963లో బర్మింగ్‌హామ్‌లో తెల్లజాతి దురహంకారులు చర్చిలో బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లలను చంపినప్పుడు ఆమె కోపమంతా పాటైంది, అప్పటినుంచి పౌరహక్కుల ఉద్యమంలో ఆమె గొంతు అందరికీ వినబడింది. 2003 ఏప్రిల్ 21న ఫ్రాన్సులో కన్నుమూసింది. అంతకు రెండు రోజుల ముందు కర్టిస్ విద్యాలయం ఆమెకు గౌరవ పట్టా ప్రకటించింది. సీటు ఇవ్వనన్న యాభై రెండేళ్ళకు! ఆమె పుట్టిన ఆ మూడు గదుల ఇంటిని 2017లో నలుగురు నల్లజాతి కళాకారులు 95,000 డాలర్లకు కొని పడిపోకుండా నిలబెట్టారు.

ఇప్పుడు మన హాస్టల్ సంగతి. పిల్లలకు ఇక్కడ పడుకోవడానికి చోటు, అన్నం, పుస్తకాలు, కాస్మెటిక్ చార్జీలు ఉన్నాయి. ఇవేవీ మిసెస్ మిల్లర్ దయ లాంటివి కావు. ఎవరి చెవినో పడితే దొరికేవి కావు. ఇవి మన హక్కుగా వచ్చాయి, ఇందుకోసం మన పెద్దలు రోడ్డెక్కారు. ట్రయాన్ ఊరికి లేనిదీ, మనకు ఉన్నదీ అదే. అలాగే ట్రయాన్‌కు ఉన్నది, మనకు లేనిది కూడా ఒకటుంది. మన దగ్గర ట్యూటర్లు లెక్కలకు వస్తారు, ఇంగ్లీషుకు వస్తారు. పాటకు, వాయిద్యానికి ఎవరూ రారు. టెన్త్ రిజల్ట్ శాతంలో సంగీతం లెక్కలోకి రాదు కాబట్టి దాన్ని ఎవరూ అడగరు కూడా. హాస్టల్ డే వారం రోజులుందనగా ఒక డ్యాన్సు, ఒక జానపదం గబగబా నేర్పించి వేదిక ఎక్కించడమే మన సంగీత విద్య. ఆ వారంలో బయటపడే గొంతులు, చేతులు మళ్ళీ ఏడాదిదాకా మూటగట్టి అటక మీద పడేసినట్టే.

ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థుల్లో ఉద్యోగాల్లో స్థిరపడిన వాళ్ళు తక్కువేమీ లేరు. గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు. ప్రతి ఏడూ మనం గోడగడియారమో, ఫ్యానో, స్టీలు ప్లేట్లో ఇచ్చి పేరు రాయించుకుంటున్నాం. ప్లేటు మీద పేరు ఎందుకు చెక్కించాలో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు, అది పక్కన పెట్టండి. నేననేది, ఈ ఏడాది ఒక మంచి కీబోర్డు, ఒక హార్మోనియం, నాలుగు డప్పులు కొందాం. శనివారం శనివారం వచ్చి నేర్పే మేస్టారికి నెలనెలా ఇచ్చేందుకు ఒక ఫండ్ పెడదాం. డప్పు నేర్పడానికి బయటి మేస్టారు అక్కర్లేదు, పిల్లల తాతలే వస్తారు, ఆ గౌరవ వేతనం వాళ్ళకే ఇద్దాం. ఒకరిద్దరు మెరికల్లాంటి పిల్లలను ఏరి ఫొటోలు తీయించడానికి కాకుండా, చెయ్యి వేసి చూస్తానన్న ప్రతి పిల్లకూ ఆ పెట్టె తెరిచి ఉండాలి.

'కరెంటు బిల్లుకే దిక్కులేదు, బాత్రూముల తలుపులు సరిగా లేవు, కీబోర్డు ఏంటన్నా' అని కొందరు తమ్ముళ్ళు అంటారని తెలుసు. బాత్రూముల తలుపులు ప్రభుత్వం బాధ్యత. వాటి కోసం అర్జీలు పెట్టాలి, కొట్లాడాలి, అందులో నేనూ వస్తాను. మన చందాలతో తలుపులు బిగిస్తే వాళ్ళ పని మనం చేసినట్టవుతుంది, వచ్చే ఏడు ఫ్యాన్ల బడ్జెట్టూ ఆగుతుంది. మన డబ్బు ప్రభుత్వం ఎప్పటికీ ఇవ్వని దాని మీద పెట్టాలని నా వాదన.

ఇంకో షరతు కూడా ఉంది, దాతలకు. ఫండ్‌కు డబ్బిచ్చాం కదా అని పిల్లలను వేదిక మీద వరసగా నిలబెట్టి మనకు దండం పెట్టించుకోవద్దు. ఇచ్చినవాళ్ళకు చూపించాలన్న తొందరే ట్రయాన్‌లో ఆ కచేరీ పెట్టించింది, ఆ కచేరీలోనే ఆ తల్లిదండ్రులను లేపారు.

చివరగా కుర్చీల సంగతి. మన సభల్లో షామియానా కింద ముందు నాలుగు వరసలు ఎవరికో మనకు తెలుసు. అధికారులు, వాళ్ళతో వచ్చినవాళ్ళు, లోకల్ లీడర్లు, వాళ్ళ వెంట బండ్ల మీద వచ్చినవాళ్ళు. కూలి మానుకుని, రెండు బస్సులు మారి, టిఫిన్ డబ్బాలో పప్పుచారు తెచ్చిన అమ్మానాన్నలు వెనక పట్టా మీద కూర్చుంటారు, లేదా కాంపౌండ్ గోడ దగ్గర నిలబడతారు. ఎవరూ వాళ్ళను లేపి పంపలేదు, నిజమే. లేపాల్సిన అవసరం రాకుండా వాళ్ళే అక్కడికి వెళ్ళి నిలబడటం అలవాటు చేసుకున్నారు. ఈసారి హాస్టల్ డేకు మొదటి రెండు వరసలు తల్లిదండ్రులకని చార్టు మీద రాసి తగిలించమని వార్డెన్ సారుకు, స్టూడెంట్స్ కమిటీకి నా మనవి. చీఫ్ గెస్టు గారికి ఎలాగూ వేదిక మీద కుర్చీ ఉంది. అమ్మలు మొహమాటపడి ముందుకు రారు, కాబట్టి ప్రతి పిల్లా తన వాళ్ళను తనే చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టాలి. కుర్చీలు చాలకపోతే ఇంకో వంద అద్దెకు తెప్పించండి, ఆ ఖర్చు మా బ్యాచ్ తరఫున మేం ఇస్తాం. ఫండ్‌కు నా మొదటి చందా పూర్వ విద్యార్థుల సంఘం ట్రెజరర్ గారికి అందజేశాను, రశీదు కూడా తీసుకున్నాను.